పదునైదేండ్ల పిల్ల, పాత పట్టుచీర

క్రిందటి మాఘమాసమున మా యింట నొక చిన్న రభస జరిగినది. దానిని చెప్పుకొనుటకు మొదట సిగ్గుపడితిమి గాని, ఇట్టిది ఇంకను నాలుగిండ్లలో జరిగియే యుండునని తోచి ఈ నెల ముచ్చటగా వ్రాయుచున్నాము.

మా పెండ్లినాటి ధర్మవరపు పట్టుచీర యొకటి పెట్టె యడుగున ఏండ్ల తరబడి పడియుండెను. అంచు చెక్కుచెదరలేదు. మడతలు పడిన చోట్ల మాత్రము గుడ్డ పిగిలిపోవుచుండెను. ఒకనాటి మధ్యాహ్నము మేము పొరుగింటి పేరంటమునకు పోయి వచ్చుసరికి, పదవ తరగతి చదువుచున్న మా పెద్దమ్మాయి ఆ చీరను నట్టింట పరచి, అంచు వేరుగా, కొంగు వేరుగా కత్తిరించి, కుట్టుమిషను ముందు కూర్చుండియుండెను. ప్రక్కనే లెక్కల నోటుపుస్తకము తెరచియున్నది. అందులో లెక్కలు లేవు. లంగా కుచ్చెళ్ళు, రవికె చేతులు, మెడ కోతలు, జడకుప్పెలు, వీనికి సంబంధించిన బొమ్మలే పుటల నిండ నున్నవి.

మేము ఓర్చుకొంటిమని చెప్పుటకు వీలులేదు. పరీక్షలు నెత్తిమీదికి వచ్చియుండగా నీకీ వేషములేమంటిమి. పెండ్లిచీర విలువ నీకేమి తెలియునంటిమి. ఇంకను అనరాని మాటలు రెండు మూడు అంటిమి. నోటుపుస్తకము లాగికొని అటకమీద పడవైచితిమి. పిల్ల బదులాడలేదు. బదులాడినను బాగుండెడిది. నాటినుండి అది పెన్సిలు ముట్టలేదు. శివరాత్రినాడు ముంగిట ముగ్గు పెట్టుమన్నచో "నాకు రాదమ్మా" అని లోపలికి పోయెను. ఐదేండ్ల ప్రాయమునుండి ముగ్గు పెట్టుచున్న చేయి అది! ఆ మాట మాకు ముల్లువలె గ్రుచ్చుకొనెను.

ఆ రాత్రి నిదుర పట్టక, చిన్ననాడు మా తండ్రిగారు ఇంటివద్ద చెప్పిన పాఠములు నెమరువేసికొనుచుంటిమి. శాకుంతలము నాలుగవ యంకమున ఒక చిన్న ఘట్టమున్నది. శకుంతల అత్తవారింటికి బయలుదేరుచున్నది. వనదేవతలు పట్టువలువలు, నగలు ఇచ్చిరి. అనసూయా ప్రియంవదలు ఆశ్రమములో పెరిగిన పిల్లలు; నగ పెట్టి యెరుగరు. ఏ నగ ఎచ్చట నుంచవలెనో వారికి చెప్పువారు లేరు. అయినను వారు తడబడలేదు. చిత్రపటములు చూచిన యలవాటుచేత, బొమ్మలలో ఎట్లున్నదో జ్ఞప్తికి తెచ్చుకొని చెలికత్తెను సింగారించిరి. అప్పుడు ఈ భాగమును కథ తొందరలో దాటిపోయితిమి. ఇప్పుడు చూడగా, ఆ బాలికలకు అలంకరణము నేర్పిన గురువు బొమ్మయే గదా యనిపించినది.

ఇంకొక పిల్ల కథ మన రాయలవారే చెప్పిరి. విష్ణుచిత్తుల కూతురు గోదాదేవి, స్వామికని కట్టిన పూలదండను తాను ముందు ముడుచుకొని, బావి నీటిలో తన నీడ చూచుకొనెడిది. తండ్రి కనిపెట్టి మిక్కిలి నొచ్చుకొనెను. స్వామి మాత్రము ఆమె ముడిచి విడిచిన దండయే తనకు కావలెననెను. ఆముక్తమాల్యద యను పేరు ఆ కథనుండియే వచ్చినది. అద్దము ముందు నిలిచిన పిల్లను కసరిన పెద్దలలో మేము మొదటివారము కామని కొంత యూరట పొందితిమి!

మన పెద్దలు లెక్కించిన అరువదినాలుగు కళలలో బొమ్మ వ్రాయుట యున్నది; బియ్యముతోను పూలతోను ముగ్గులు తీర్చుట యున్నది; కుట్టుపని యున్నది; దండ గ్రుచ్చుట, వేషము కూర్చుట, నగలు అమర్చుట, ఇవి యన్నియు నున్నవి. వీనిలో దేనినైనను మన పిల్ల చేయబూనిన "పనికిమాలిన పని" యందుము. అదే పిల్ల చేతి ఫోనులో ఒక వీడియో చూచి, ఎనిమిది వందలు పెట్టి, మూడు ఉతుకులకు వెలిసిపోవు గౌను తెప్పించుకొన్న సరే ననుకొందుము. కొన్నచో ఫ్యాషను, కుట్టినచో కాలహరణము! ఈ న్యాయమెచ్చటిదో మాకు తెలియలేదు.

మరునాడు అటకయెక్కి నోటుపుస్తకము దించితిమి. ఒక మూల ఎలుక కొరికినది. తక్కిన పుటలను ఆ దినమున మొదటిసారి నిదానముగా చూచితిమి. ఒక పుటలో మా చీర యంతయు చిన్నదిగా గీయబడి యున్నది. పిగిలిన మడతలను ఎర్ర పెన్సిలుతో గుర్తించి, వానిని తప్పించుచు కత్తెర నడుపవలసిన త్రోవను చుక్కలతో వేసికొన్నది. ఎంత గుడ్డ దక్కునో మూరలలో లెక్క కట్టినది. చీరను పాడుచేసినదని మేము తిట్టితిమి. అది పాడైన చీరలో పాడుగాని భాగమును వెదకుచున్నదని అప్పుడు తెలిసినది. ఆ పుస్తకమును దాని బల్లమీద పెట్టి, ఏమియు ననక వంటయింటికి పోయితిమి. క్షమింపుమని కడుపున బుట్టిన బిడ్డతో చెప్పుట మన యిండ్లలో వాడుక లేదు. వాడుక చేసికొనవలసినదే.

పరీక్షలు ముగిసిన పిమ్మట, ఒక ఉదయము దానిని వెంటబెట్టుకొని శిల్పుల పందిళ్ళకు పోయితిమి. ఆళ్లగడ్డ రాతిశిల్పమునకు భౌగోళిక గుర్తింపు లభించినదని పత్రికలలో చదివి సంతోషింతుము గాని, ఉలి చప్పుడు ప్రతిదినము వినుచున్న మనలో ఎంతమంది ఆ పందిళ్ళలో కాలు పెట్టితిమి? నల్లరాతిలో సగము వెలువడిన అమ్మవార్లు, ఇంకను ముఖము తెరువని స్వాములు, దుమ్ములో వరుసగా నున్నారు. ఒక వృద్ధ శిల్పి పిల్ల చేతిలోని నోటుపుస్తకము చూచి, తానే అడిగి తీసికొనెను. పుటలు త్రిప్పి త్రిప్పి ఒకచోట నిలిపెను. నడుము ప్రక్కకు వంచి నిలిచిన పడుచు బొమ్మ అది. ఒడ్డాణము మాత్రము స్కేలు పెట్టి గీచినట్లు తిన్నగా నున్నది. ఆయన మాటలను ఆయన పలుకుబడిలోనే వ్రాయుచున్నాము: "ఒళ్లు వంగిన తావున నగ గూడా వంగల్ల పాపా. నువ్వు మనిషిని గీసి, మళ్లా నగ తెచ్చి అంటించినావు." అని, జేగురు ముక్కతో ప్రక్కనున్న రాతిమీద ఒక్క వంపుగీత గీచెను. నడుము వంపు, దానిని చుట్టిన ఒడ్డాణము, దానినుండి జారిన కుచ్చెళ్ళు, మూడును ఆ గీతను అనుసరించియే వచ్చినవి.

తరువాత ఆయన కొలతలు చెప్పెను. శిల్పశాస్త్రములో ముఖము పొడవు ఒక తాళము. తాళమునకు పండ్రెండు అంగుళములు. ఈ అంగుళము మన స్కేలుమీది అంగుళము కాదు, ఆయా బొమ్మను బట్టి మారునది. నవతాళ ప్రతిమ యనగా ముఖమునకు తొమ్మిది రెట్లు, నూటయెనిమిది అంగుళములు. మొదట ఈ కొలతలతో దేహమును నిలుపుదురు. వస్త్రము, నగ ఆ పిమ్మటనే. పిల్ల ఇంటికి వచ్చి ఆ రాత్రియే పాత బొమ్మలను చూచుకొని, తన పడుచులందరికిని తలలు పెద్దవైనవని నవ్వుకొనెను. దాని నవ్వు విని ఎన్నాళ్ళైనదో!

అటుపిమ్మట దిగువ అహోబిలమునకు పోయినపుడు స్తంభములను చూచు విధమే మారినది. మునుపు మేము దర్శనము చేసికొని ప్రసాదము తినివచ్చెడివారము. ఇప్పుడు పిల్ల ఒక్కొక్క స్తంభము కడ నిలిచి, కొప్పులెన్ని విధములు, నడికట్టు ముడి ఎటుప్రక్కన, చెవికమ్మ భుజమును తాకుచున్నదా లేదా యని వ్రాసికొనుచుండెను. విజయనగర కాలపు శిల్పులు రాతిలో నుంచిన ఈ నమూనాలకు వెల యేమియు లేదు. వీలున్నవారు లేపాక్షి వీరభద్రస్వామి యాలయమునకు కూడ పిల్లలను తీసికొనిపోవలెను. పదునారవ శతాబ్దిలో మండపపు కప్పుమీద వ్రాసిన చిత్రములలో స్త్రీపురుషుల వస్త్రములపై గళ్ళు, చారలు, పూలు, హంసలు ఎన్ని తీరులనున్నవో! ఆ నమూనాలను నేటికిని చీరల అంచులకు తీసికొనుచున్నారు. మెడ నొచ్చువరకు తల పైకెత్తి చూడవలసియుండును గాని, ఫోనులో తల వంచి నొప్పి తెచ్చుకొనుటకంటె మేలే.

మన జిల్లాలోని సుగాలి తండాల స్త్రీలు అద్దములు, గవ్వలు కుట్టిన రవికెలు వేసికొనుట అందరును చూచినదే. ఆ కుట్టు నేర్చుకొన దలచిన పిల్ల అంగడిలో నకలు కొనుటకంటె, తండాలోని ఒక అవ్వ ప్రక్కన కూర్చుండి చూచిన బాగుండును. దీనిని గూర్చి ఎక్కువ వ్రాయుటకు మాకే ఇంకను ఆ కుట్టు రాలేదు.

అద్దకమును గూర్చి మాత్రము కొంత చెప్పగలము, ఏలయనగా దానిలో మేమిద్దరమును చేతులు నల్లజేసికొంటిమి. శ్రీకాళహస్తి కలంకారీవారు చింతపుల్లల బొగ్గుతో బొమ్మ గీచి, కొనకు గుడ్డయో ఉన్నియో చుట్టి దారముతో కట్టిన వెదురు కలముతో నల్లరంగు వ్రాయుదురు. ఆ నలుపు చేయుటకు కావలసినవి తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లము, నీరు, అంతే. మట్టికుండలో మూడింటిని వేసి మూతిని గుడ్డతో కట్టి, రెండు మూడు వారములు పులియనిచ్చి వడగట్టవలెను. పిల్ల ఇదంతయు శ్రద్ధగా చేసి, నంద్యాల అంగడిలో తెచ్చిన నూలుగుడ్డపై లతలు వ్రాసెను. ఉతుకగా బూడిదరంగు చారలు మిగిలినవి! ముందుగా గుడ్డను కరక్కాయ కషాయములోను పాలలోను నానబెట్టి ఆరవేయవలెనని మాకు తట్టలేదు. కరక్కాయలోని వగరు, ఇనుపనీరు కలిసినప్పుడే నలుపు దిగి నూలును పట్టుకొనును; పాలలోని చిక్కదనము రంగును ప్రాకనీయదు. కలంకారీవారు గేదెపాలు వాడుదురు. పాల వాసనకు మా చిన్నవాడు ముక్కు మూసికొని తిరిగెను. రెండవసారి రంగు నిలిచినది. అన్నట్లు, నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానమువారు వెలువరించిన పత్తి వంగడములలో నొకదానికి నరసింహ యని పేరు. మన స్వామి పేరుగల పత్తి మన నల్లరేగడిలో పండుచుండగా, నూలుగుడ్డను చిన్నచూపు చూచుట మన పిల్లలకు తగదని దానితో వేళాకోళమాడితిమి.

ఇంతవరకు నవ్వులాటగానే యున్నది. అసలు చిక్కు ఫలితములు వచ్చిన తరువాత పుట్టినది. పిల్లకు మంచి మార్కులే వచ్చినవి. మార్కులు వచ్చిన పిల్ల ఎమ్.పి.సి.లో చేరి హాస్టలుకు పోవలెనని బంధువులందరు ఏకవాక్యముగా ననుచున్నారు. మా వారు బడిపంతులు. ఎందరి పిల్లలకో త్రోవ చూపినవారు. వారును అదియే క్షేమమనుచున్నారు. పిల్ల మాత్రము తిరుపతి మాట యెత్తినది. అచ్చట తిరుమల తిరుపతి దేవస్థానములవారు 1960లో నెలకొల్పిన సంప్రదాయ శిల్పసంస్థ యున్నది. పదవ తరగతి ముగిసినవారికి రాతి, లోహ, కొయ్య శిల్పములు, సంప్రదాయ చిత్రలేఖనము, కలంకారీ నేర్పుదురు. ఇంటర్మీడియట్ ముగిసిన పిమ్మట పోదలచినవారికి కడపలో 2020లో ఏర్పడిన డాక్టర్ వైయస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయ మున్నది. తల్లులు ఈ రెండు పేర్లను వ్రాసి యుంచుకొనుట మంచిది. పిల్ల అడిగిననాడు "అట్టి చదువు లేదు" అని బొంకవలసిన పని యుండదు.

ఆడపిల్లకు బొమ్మలేమి కూడు పెట్టునని మా అత్తగారి ప్రశ్న. అది తీసివేయదగిన ప్రశ్న కాదు. రాజమహేంద్రవరపు దామెర్ల రామారావుగారు 1897లో పుట్టి 1925లోనే గతించిరి; బొంబాయి జె.జె. కళాశాలలో చదివి, ఆ కొద్ది కాలములోనే ఆంధ్ర చిత్రకళకు పేరు తెచ్చిరి. వారి భార్య సత్యవాణిగారును, చెల్లెలు దిగుమర్తి బుచ్చికృష్ణమ్మగారును చిత్రకారిణులే. నూరేండ్లకు ముందు గోదావరి యొడ్డున ఒక యింటి ఆడవారికి కుంచె పట్టుటకు చోటు దొరికినది. కూటి మాటకు ఇది జవాబు కాదు, మాకు తెలియును. కాని చోటు మాటకు జవాబే. సంపాదన మాట నేడు కొంత మారినది. బట్టల నమూనాలు, పుస్తకముల బొమ్మలు, సినిమా వేషములు, ఇవన్నియు గీత వచ్చినవారి చేతి పనులే. అయినను పంతులు జీతముపై సాగు ఇంటిలో "చూతము లెమ్ము" అనుట సులభము కాదు. మేమును రాత్రులందు లెక్కలు వేయుచునే యున్నాము.

మొన్న మా వారు, పిల్ల లేని సమయమున, ఆ నోటుపుస్తకము తీసి చాలసేపు చూచిరి. ఎర్ర గుర్తులు, మూరల లెక్కయున్న పుట కడ ఆగి, "లెక్క తప్పలేదే" అనిరి. అంతకుమించి ఏమియు ననలేదు. దరఖాస్తునకు ఇంకను గడువున్నది.

చీర సంగతి అడుగువారికి: అంచు చిన్నమ్మాయి లంగాకు ఎక్కినది, కొంగుతో మాకొక రవికె అమరినది, దానిని తొడిగికొనియే ఈ ముచ్చట వ్రాయుచున్నాము. పిగిలిన ముక్కలు ఒక సంచెడు మిగిలినవి. వానితో బొంత కుట్టు విధము మా పొరుగింటి అవ్వనడిగి వచ్చు నెల వ్రాసెదము.