కావలివానికి వాటా యేల?

కంచెయే చేను మేసిన కాపు ఎవరితో మొరపెట్టుకొనును? అరకు, అనంతగిరి మన్యములోని గిరిజనులకు ఇది సామెత కాదు, అనుభవము. 1959వ సంవత్సరపు భూబదలాయింపు రెగ్యులేషనును, దాని 1970వ సంవత్సరపు సవరణయును ఏజెన్సీ భూములు గిరిజనేతరుల పాలు గాకుండ కట్టుదిట్టము చేసినవి. అయినను బొర్రా ప్రాంతమున ప్రభుత్వమే గిరిజనేతర సంస్థలకు గనుల లీజుల నొసగెను. ‘సమత’ యను సంస్థ న్యాయస్థానమున కెక్కగా, ఆ రెగ్యులేషనునకు లోబడిన ‘వ్యక్తి’లో ప్రభుత్వమును చేరునని 1997 జులై 11వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను.

ప్రభుత్వసంస్థలు తామే త్రవ్వుకొనుటకు మాత్రము ఆ తీర్పు వీలు మిగిల్చెను. ఆ సందుననే 2005లో జిందాల్ వారితో ఒడంబడిక జరిగినది. రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ అరకు కొండల బాక్సైటును త్రవ్వవలెను. కంపెనీ కర్మాగారము దానిని కొనవలెను! గిరిజనుల ప్రతిఘటనచే ఆ త్రవ్వకము సాగలేదు గాని, ధర్మకర్త వర్తకుడగుట లోకమునకు తెల్లమైనది.

ప్రభుత్వము మాట యట్లుండగా, అందు కూర్చుండు మనుష్యుల మాట యేమి? 2024 ఎన్నికలలో 5,700 కోట్ల రూపాయలకు పైబడిన కుటుంబాస్తిని ప్రకటించిన పెమ్మసాని చంద్రశేఖర్‌గారు కేంద్ర సహాయమంత్రి యైరి. విద్యాసంస్థల స్థాపకులగు నారాయణగారు 2014లోను, 2024లోను రాష్ట్రమంత్రులైరి. ధనము నేరము కాదు. వీరిపై మేము దోషము నారోపించుట లేదు. వ్యాపారమును అధికారమును ఒక్కచేత నున్నపుడు ప్రజలకు రక్షణ యేది యన్నదే ప్రశ్న.

ఉన్న రక్షణ బహు స్వల్పము. ప్రభుత్వముతో సరఫరాల, పనుల కంట్రాక్టులు గలవారిని 1951వ సంవత్సరపు ప్రజాప్రాతినిధ్య చట్టములోని 9ఎ సెక్షను శాసనసభలకు అనర్హులను చేయుచున్నది. గనుల లీజు అట్టి కంట్రాక్టు కాదని 2001లో సుప్రీంకోర్టు నిర్ణయించెను. మంత్రుల ప్రవర్తనా నియమావళి వ్యాపార నిర్వహణమును విడువుమనును గాని, సామాన్యముగా యాజమాన్యమును విడువుమనదు. అదియును చట్టము కాదు.

ప్రభుత్వమే వ్యక్తివలె నిబంధనకు లోబడవలసి యుండగా, ప్రభుత్వములోని వ్యక్తులు లోబడకుండుట యెట్లు న్యాయము? మంత్రులు తమకును తమ కుటుంబములకును గల వాటాలను ఏటేట ప్రకటింపవలెను. తమ లాభమునకు సంబంధించిన చర్చ వచ్చినపుడు సభనుండి లేచిపోవలెను. గనుల వాటా గలవాడు గనుల కాగితముపై సంతకము చేయరాదు. ఇది మర్యాదగా గాక శాసనముగా నుండవలెను. కొండ కరిగిపోయిన పిమ్మట ధర్మకర్త లెక్కలు చూపిన నేమి ఫలము?