‘పిల్లలు తక్కువ’ అనగానే తలూపకండి



ఏజెన్సీలో ఏ చిన్న హైస్కూల్ గురించి ఆఫీసులో మాటొచ్చినా మొదట అడిగేది ఒకటే: ఎంతమంది పిల్లలు? అరవై అంటే మొహం చిట్లిస్తారు. నలభై అంటే ఇక చెప్పక్కర్లేదు. ‘ఇంతమంది కోసం ఇన్ని పోస్టులా? పక్క మండలంలో పెద్ద బడి ఉంది, హాస్టల్ ఉంది, అక్కడికి పంపండి’ అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. మన పెద్దోళ్లు తలూపేస్తారు, కాగితం మీద సంతకం పడిపోతుంది. మీరు మాత్రం అంత తొందరగా తలూపొద్దని చెప్పడానికే ఇది రాస్తున్నా.

కొండ మీద గూడెం అంటే ముప్పై ఇళ్లు, నలభై ఇళ్లు. అలాంటి ఊళ్లు కొన్ని కలిస్తే ఒక పంచాయతీ. అక్కడ పదో తరగతిలో పన్నెండుమంది ఉన్నారంటే ఊళ్లే అంత చిన్నవని అర్థం. మైదానం తక్కెడ తెచ్చి కొండను తూస్తే మన బడి ఎప్పుడూ తేలిపోతూనే ఉంటుంది.

చట్టంలో ఒక గండి ఉంది, అది చాలామందికి తెలీదు. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకే, అంటే ఎనిమిదో తరగతి దాకానే. ప్రాథమిక బడి ఒక కిలోమీటరులో, ప్రాథమికోన్నత బడి మూడు కిలోమీటర్లలో ఉండాలని దాని నిబంధనలు చెప్తాయి. తొమ్మిది, పది తరగతులకు ఆ హక్కు లేదు. అదే ఏడాది వచ్చిన రాష్ట్రీయ మాధ్యమిక శిక్షా అభియాన్ ఐదు కిలోమీటర్లలో హైస్కూల్ అని లక్ష్యం పెట్టుకుంది. కానీ అది పథకం. 2018లో సమగ్ర శిక్షలో కలిసిపోయింది కూడా. పథకం మారితే కోర్టుకెళ్లి అడగడానికి మన చేతిలో ఏముంటుంది? ఎనిమిది దాటిన పిల్లను చట్టం వదిలేసిన చోట, ఆ పిల్ల చేయి పట్టుకునేది ఊరికి దగ్గర్లో ఉన్న ఆ చిన్న హైస్కూలే.

హాస్టల్‌కు పంపొచ్చుగా అంటారు. వెళ్లేవాళ్లు వెళ్తారు, చదువుకుంటారు, కాదనను. మనలో చాలామందిమి ఆశ్రమ పాఠశాల అన్నం తిని పెరిగినోళ్లమే. కానీ అందరూ ఉండలేరు. కొత్తల పండక్కి ఇంటికొచ్చి తిరిగి వెళ్లని పిల్లలు మీ ఊళ్లో ఎంతమంది ఉన్నారో ఒకసారి లెక్కేయండి. అందులో ఆడపిల్లలెందరో కూడా చూడండి.

ఇంకో సంగతి. మార్చి, ఏప్రిల్ వస్తే ఇప్పపువ్వు రాలే కాలం. తెల్లారకముందే చెట్టు కిందకు పోవాలి, ఎండెక్కితే లాభం లేదు. పదో తరగతి పరీక్షలు కూడా సరిగ్గా అప్పుడే. ఆ పువ్వు డబ్బు లేకపోతే ఇంట్లో గడవని పిల్లలుంటారు. ఈ సంగతి తెలిసిన సారు పొద్దున రాలేదని అటెండెన్స్ కోసేయడు, స్టడీ అవర్ సాయంత్రానికి మారుస్తాడు. వాళ్లమ్మ సంతలో కనిపిస్తే కువిలోనో కోయలోనో ‘పిల్లను ఈ నెల పంపమ్మా, నేను చూసుకుంటా’ అని చెప్తాడు. ఇది ఏ ట్రైనింగ్‌లోనూ నేర్పరు.

అలాంటి సార్లు, మేడమ్‌లు మన బడుల్లోకి ఊరికే రాలేదు. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే అని 2000 జనవరిలో జీవో 3 వచ్చింది కాబట్టి వచ్చారు. అంతకుముందు కొండ మీద పోస్టింగ్ వేస్తే రానివాళ్లు, వచ్చినా వారానికోసారి మొహం చూపించి పోయేవాళ్లు ఎక్కువ. మన తాతలనడగండి, చెప్తారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. అప్పటికే చేరినవాళ్ల ఉద్యోగాలు పోలేదు, అది ఊరట. కానీ ఆ మొదటి బ్యాచ్‌ల వాళ్లు ఇప్పుడు యాభై చుట్టుపక్కల ఉన్నారు. వాళ్లు రిటైరయ్యాక ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారు? రాష్ట్రమంతటికీ ఉన్న ఎస్టీ కోటా ఆంధ్రలో 6 శాతం, తెలంగాణలో 10 శాతం. డీఈడీ, బీఈడీ చేసి ఖాళీగా ఉన్న మన తమ్ముళ్లు చెల్లెళ్లు ప్రతి గూడెంలో ఉన్నారు, అయినా సరే.

ఇప్పుడు ఈ రెండింటినీ కలిపి చూడండి. లెక్కల పోస్టు ఖాళీగా ఉంటుంది. ఏడాది గడుస్తుంది, రెండేళ్లు గడుస్తాయి. స్తోమత ఉన్నవాళ్లు, సీటు దొరికినవాళ్లు పిల్లల్ని గురుకులానికి మారుస్తారు. (వాళ్లను తిట్టకండి. లెక్కలు చెప్పేవాళ్లే లేని బడిలో పిల్లను ఉంచమని ఏ తల్లిని అడగగలం?) రిజిస్టర్‌లో పేర్లు తగ్గుతాయి. అప్పుడు ఆఫీసు నుంచి మాటొస్తుంది: పిల్లలు తక్కువ. ముందు పోస్టు ఎండబెట్టి, తర్వాత బడి ఎండిందని చెప్పడం ఇది.

అందుకే ఆ మాట వినిపించిన రోజున తిరిగి అడగాల్సినవి ఉన్నాయి. ఈ బడికి మంజూరైన పోస్టులెన్ని, ఎన్ని ఖాళీ, ఎప్పట్నుంచి? సమాచార హక్కు కింద అప్లికేషన్ పెడితే 30 రోజుల్లో చెప్పాలి. చుట్టుపక్కల ఊళ్లలో తొమ్మిది, పది చదివే వయసున్న పిల్లలెందరు, బడిలో పేరున్నవాళ్లెందరు? ఈ లెక్క ఎవరో వచ్చి తీయరు, మీరే ఇల్లిల్లూ తిరిగి తీయాలి. నలుగురు కుర్రాళ్లు, నలుగురు అమ్మాయిలు రెండు ఆదివారాలు తిరిగితే అయిపోతుంది.

ఆ కాగితాలతో గ్రామసభ పెట్టించండి. 1996 పెసా చట్టం సెక్షన్ 4 చదవండి. సామాజిక రంగాల్లోని సంస్థలు, వాటి సిబ్బంది మీద అజమాయిషీ గ్రామసభకూ తగిన స్థాయి పంచాయతీకీ ఇవ్వాలని అందులో రాసుంది. బడి సామాజిక రంగం కాకపోతే ఇంకేది? మన గ్రామసభలు ఇసుక గురించి, భూమి గురించి కూర్చున్నంతగా బడి గురించి కూర్చోలేదు. తీర్మానంలో ‘బడి కావాలి’ అని మాత్రం రాయకండి, అది ఫైల్లో నిద్రపోతుంది. ఏ పోస్టు, ఎన్ని నెలలుగా ఖాళీ, భర్తీ అయ్యేదాకా స్థానికంగా బీఈడీ చేసిన ఎవరిని పెట్టొచ్చు, పేర్లతో సహా రాయండి. ఆడవాళ్ల సంతకాలు, వేలిముద్రలు ముందుండాలి. ఒక కాపీ ఐటీడీఏ పీవోకు, ఇంకొకటి డీఈవోకు, ఒకటి మీ దగ్గర. ఇచ్చేటప్పుడు మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ‘తర్వాత రా’ అంటే కదలకండి, అక్కడే బెంచీ మీద కూర్చోండి.