చెయ్యి వెనక్కి తీసుకుంటున్నాం

లండన్‌లో ఉంటున్న కొందరు తెలుగు ఆడవాళ్ళం కూర్చుని రాసుకున్న ప్రణాళిక ఇది. ముందు మా తప్పు చెబుతాం. ఆఫీసులో పక్క సీటమ్మాయి, నల్లజాతి పిల్ల, తలంతా సన్నజడలు అల్లించుకుని వస్తే, మాలో ఒకామె ‘భలే ఉన్నాయే’ అంటూ అడక్కుండా ఒక జడ పట్టుకుని చూసింది. ఆ పిల్ల నవ్వింది. తల మాత్రం అరంగుళం పక్కకు జరిపింది.

ఆ అరంగుళం మీదే ఎమ్మా డబిరి 2019లో ‘డోంట్ టచ్ మై హెయిర్’ అని పుస్తకం రాసింది. తండ్రి నైజీరియా యోరుబా, తల్లి ఐరిష్. డబ్లిన్‌లో పెరిగి, లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన మనిషి. బానిసత్వం, వలసపాలన రాకముందు ఆఫ్రికాలో ఆ జుట్టును లోపంగా చూడలేదంటుంది. జడ అల్లడం ఒక విద్య. ఆ పాయల్లో లెక్కలున్నాయి, గంటలకొద్దీ కూర్చుని చెప్పుకున్న కబుర్లున్నాయి.

ఆ జుట్టుపై ఆంక్షలూ పాతవే. 1786లో లూసియానా గవర్నరు మీరో, ఆఫ్రికా సంతతి స్త్రీలు తలకు గుడ్డ కట్టుకోవాలని హుకుం వేశాడు. వాళ్ళు రంగురంగుల గుడ్డలు చుట్టి దాన్నే సింగారం చేసుకున్నారు. అలాంటి జడలను బట్టి బడిలో, ఉద్యోగంలో వివక్ష చూపకూడదని కాలిఫోర్నియా చట్టం చేసింది 2019లో.

కాబట్టి, ఎవరి జుట్టూ ముట్టుకోం. ‘ముట్టుకోవచ్చా’ అనీ అడగం. కాదనే ఇబ్బంది ఆమెకెందుకు? మా పిల్లల రింగుల జుట్టును ‘పిచ్చుక గూడు’ అనం. పెళ్ళిచూపులకు ముందు స్ట్రెయిటెనింగ్ చేయించమని ఎవరికీ సలహా ఇవ్వం.

ఇంకోటి, చెప్పడానికి కష్టమైనది. తిరుమల కల్యాణకట్టలో ఇచ్చిన తలనీలాలను దేవస్థానం వేలం వేస్తుంది. చిక్కుతీసి, కడిగి, పొడవుల వారీగా కట్టలు కట్టాక అవి విగ్గులై, సవరాలై దేశాలు దాటుతాయి. ఇక్కడి దుకాణంలో ‘ఇండియన్ హెయిర్’ ప్యాకెట్టు తిప్పి చూస్తూ మాలో ఒకామె, ‘మా అమ్మమ్మ మొక్కు కాదుగదా ఇది’ అంది. నవ్వాం, కాసేపే. మన జుట్టుకు ఎంత గిరాకీయో అని ఇక మురిసిపోం. ఆ గిరాకీలో కొంత, నీ జుట్టు బాగాలేదని నల్లపిల్లలకు తరతరాలుగా నూరిపోసిన దాన్నుంచి పుట్టిందే. అలాగని కొనుక్కునేవాళ్ళకు నీతులూ చెప్పం. వాళ్ళ తల, వాళ్ళ ఇష్టం.

సెలవుల్లో హైదరాబాద్ వెళ్ళినప్పుడు, టోలిచౌకిలో కనిపించిన ఆఫ్రికన్ విద్యార్థుల గురించి ఇంట్లో ఎవరైనా వెకిలిగా మాట్లాడితే భోజనాల దగ్గరే అడ్డుపడతాం. పిన్ని అలిగితే అలగనీ.