పాలస్తీనా శరణార్థుల సాయం: దాతల దయ మీద ఎన్నాళ్లు?

2024 జనవరి 26న అమెరికా ఒక ప్రకటన చేసింది. పాలస్తీనా శరణార్థుల కోసం పనిచేసే ఐక్యరాజ్యసమితి సంస్థ 'ఉన్రా'కు కొత్తగా ఇవ్వాల్సిన డబ్బును ఆపేస్తున్నామన్నది దాని సారాంశం. కొద్ది రోజుల్లోనే జర్మనీ, బ్రిటన్, జపాన్, కెనడా, ఆస్ట్రేలియా వంటి దేశాలూ అదే దారి పట్టాయి. మొత్తం 16 దేశాలు ఆపిన సొమ్ము సుమారు 45 కోట్ల డాలర్లు. అప్పటికి గాజాలో యుద్ధం నాలుగో నెలలో ఉంది. జనాభాలో అత్యధికులు ఇళ్లు వదిలేశారు. లక్షల మంది అదే ఉన్రా నడిపే బడుల్లో, వాటి చుట్టూ వేసుకున్న గుడారాల్లో తలదాచుకుంటున్నారు.

సాయం ఆపిన దేశాలది తప్పా, ఆ సంస్థది తప్పా అన్న దాని మీదే అప్పటి నుంచి చర్చంతా నడుస్తోంది. అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుందని మేం అనుకుంటున్నాం. దాదాపు 60 లక్షల మంది చదువు, వైద్యం, తిండి కొన్ని రాజధానుల నుంచి వచ్చే ఒక్క ప్రకటన మీద ఎందుకు ఆధారపడి ఉన్నాయి?

తాత్కాలికం అన్నారు, 75 ఏళ్లు దాటింది

1948లో ఇజ్రాయెల్ ఏర్పాటు సమయంలో జరిగిన యుద్ధంలో ఏడు లక్షల మందికి పైగా పాలస్తీనియన్లు తమ ఊళ్లు, పొలాలు, ఇళ్లు కోల్పోయారు. దాన్ని వాళ్లు 'నక్బా' అంటారు. అంటే మహా విపత్తు. తిరిగి వెళ్లి ఇరుగుపొరుగుతో శాంతిగా బతకాలనుకునే శరణార్థులను వెళ్లనివ్వాలని, వెళ్లదలచుకోనివారి ఆస్తులకు పరిహారం ఇవ్వాలని అదే ఏడాది డిసెంబర్ 11న ఐరాస సర్వసభ్య సభ 194వ తీర్మానం చేసింది. అది నేటికీ అమలు కాలేదు. ఏడాది తర్వాత, 1949 డిసెంబర్ 8న, 302వ తీర్మానంతో ఉన్రా పుట్టింది. 1950 మే 1న పని మొదలుపెట్టింది. కొద్దికాలం సాయం చేసి, శరణార్థులకు పనులు చూపించి, సమస్య తీరాక మూసేద్దామన్నది అప్పటి ఆలోచన. సమస్య తీరలేదు. కాబట్టి సంస్థ గడువును సాధారణంగా మూడేళ్లకోసారి పొడిగిస్తూ వస్తున్నారు.

ఉన్రా ఈరోజు జోర్డాన్, లెబనాన్, సిరియా, వెస్ట్ బ్యాంక్, గాజాలలో పనిచేస్తోంది. అధికారికంగా గుర్తించిన క్యాంపులు 58. యుద్ధానికి ముందు సుమారు 700 బడుల్లో ఐదు లక్షలకు పైగా పిల్లలు చదువుకునేవారు. సంస్థ పెట్టే రోజువారీ ఖర్చులో సగానికి పైగా చదువుకే పోతుంది. సుమారు 30 వేల మంది ఉద్యోగుల్లో అత్యధికులు శరణార్థులే. టీచర్లు, నర్సులు, డాక్టర్లతో పాటు క్యాంపు సందుల్లో రోజూ చెత్త ఎత్తే పారిశుధ్య కార్మికులు కూడా వాళ్లలో ఉన్నారు. డబ్బు ఆగితే జీతం ఆగేది వీళ్లకే.

లెబనాన్‌ను చూస్తే ఈ సంస్థ అవసరం ఇంకా బాగా అర్థమవుతుంది. అక్కడ పాలస్తీనా శరణార్థులకు పౌరసత్వం లేదు. అనేక వృత్తుల్లోకి వాళ్లను రానివ్వరు. 2001లో చేసిన చట్టంతో స్థిరాస్తి కొనుక్కునే హక్కూ పోయింది. అలాంటిచోట ఉన్రా బడి మూతపడితే పిల్లలను చేర్పించడానికి ఇంకో దారి పెద్దగా ఉండదు.

జీతాలకు డబ్బు ఎక్కడిది?

ఉన్రా రోజువారీ పనులకు ఏటా 80 కోట్ల డాలర్లకు పైగా కావాలి. యుద్ధం, కరువు వంటి అత్యవసరాలకు అయ్యే ఖర్చు దీనికి అదనం. ఐక్యరాజ్యసమితి సొంత బడ్జెట్ నుంచి వచ్చేది ఇందులో చాలా కొద్ది భాగం. 1974లో సర్వసభ్య సభ తీసుకున్న నిర్ణయం ప్రకారం విదేశీ సిబ్బంది జీతాలను మాత్రం ఐరాస భరిస్తుంది. మిగతాదంతా దేశాలు తమ ఇష్టంతో ఇచ్చే విరాళం. ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు. ఎందుకివ్వలేదని అడిగే అధికారం ఎవరికీ లేదు.

ఐరాస శాంతిసేనలకు ఈ పద్ధతి వర్తించదు. వాటి ఖర్చును ప్రతి సభ్యదేశానికీ దాని స్తోమతను బట్టి వాటాగా వేస్తారు. అది కట్టి తీరాల్సిన బాకీ. సైనికులను పంపే ఖర్చు బాధ్యత అయినప్పుడు, అదే ఐరాస బాధ్యత తీసుకున్న శరణార్థుల బిడ్డలకు చదువు చెప్పే ఖర్చు మాత్రం దయాదాక్షిణ్యం ఎందుకైందన్నదే మా ప్రశ్న.

విరాళాలలో ఇంకో తిరకాసు కూడా ఉంది. దేశాలు చాలాసార్లు ఫలానా పనికే వాడాలని షరతు పెట్టి ఇస్తాయి. పిండి బస్తాలకు, గుడారాలకు డబ్బు దొరికినంత తేలిగ్గా టీచర్ జీతానికి దొరకదు. బస్తా మీద దాత దేశపు జెండా వేసుకోవచ్చు, నల్లబల్ల మీద వేసుకోలేరు. అందుకే 2021 నవంబర్‌లో, పెద్ద యుద్ధమేమీ లేని రోజుల్లో కూడా, జీతాలు సమయానికి ఇవ్వలేకపోతున్నామని ఉన్రా ప్రకటించాల్సి వచ్చింది.

ఎప్పుడు ఇచ్చారు, ఎప్పుడు ఆపారు

చాలా ఏళ్లు అమెరికాయే ఉన్రాకు అతి పెద్ద దాత. 2017లో 36 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చింది. 2018 జనవరిలో ట్రంప్ ప్రభుత్వం 12.5 కోట్ల వాయిదాలో 6 కోట్లే ఇచ్చి మిగతాది ఆపింది. ఆగస్టు చివర్లో పూర్తిగా నిలిపేసింది. జెరూసలేంను ఇజ్రాయెల్ రాజధానిగా అమెరికా గుర్తించడాన్ని పాలస్తీనా నాయకత్వం నిరసించి చర్చలకు దూరంగా ఉన్న సమయమది. చర్చలకు రాకపోతే డబ్బెందుకివ్వాలని ట్రంప్ బాహాటంగానే అడిగారు. ఆ జూలైలో గాజా, వెస్ట్ బ్యాంక్‌లలో 250 మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. నాయకులు చర్చలకు రాలేదని శిక్ష పడింది నర్సులకు, టీచర్లకు, వాళ్ల దగ్గరికి వచ్చే రోగులకు, పిల్లలకు.

2021లో బైడెన్ ప్రభుత్వం సాయాన్ని తిరిగి మొదలుపెట్టింది. 2023లో అమెరికా ఇచ్చింది 42 కోట్ల డాలర్ల పైచిలుకు. 2024 జనవరిలో అదే ప్రభుత్వం ఆపింది. మార్చిలో అమెరికా కాంగ్రెస్ ఏడాదిపాటు నిషేధిస్తూ చట్టం చేసింది. 2025 ఫిబ్రవరిలో ట్రంప్ మళ్లీ ఆ తలుపు మూసేశారు. ఏడేళ్లలో శరణార్థుల అవసరం ఒక్క రోజు కూడా తగ్గలేదు. మారిందల్లా వాషింగ్టన్ రాజకీయమే.

ఆరోపణలు, విచారణలు

2023 అక్టోబర్ 7న హమాస్ నాయకత్వంలో జరిగిన దాడిలో ఇజ్రాయెల్‌లో సుమారు 1,200 మంది చనిపోయారు. దాదాపు 250 మందిని బందీలుగా పట్టుకెళ్లారు. ఆ దాడిలో 12 మంది ఉన్రా ఉద్యోగులు పాల్గొన్నారని ఇజ్రాయెల్ ఆరోపించింది. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఐరాస అంతర్గత విచారణ విభాగం మొత్తం 19 మంది మీద వచ్చిన ఆరోపణలను పరిశీలించింది. సాక్ష్యాలు నిజమని తేలితే తొమ్మిది మందికి ప్రమేయం ఉండొచ్చని 2024 ఆగస్టులో చెప్పింది. వాళ్ల ఉద్యోగాలు పోయాయి. నేరం చేసినవారికి శిక్ష పడాల్సిందే.

అయితే సంస్థలో పెద్ద సంఖ్యలో ఉద్యోగులు సాయుధ సంస్థల సభ్యులన్న రెండో ఆరోపణ ఉంది. ఫ్రాన్స్ మాజీ విదేశాంగ మంత్రి కేథరిన్ కొలోన్నా నేతృత్వంలోని బృందం 2024 ఏప్రిల్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం దీనికి ఇజ్రాయెల్ ఆధారాలు ఇవ్వలేదు. ఉన్రా తన ఉద్యోగుల జాబితాను ఏటా ఇజ్రాయెల్‌కు ఇస్తూనే ఉందని కూడా ఆ నివేదిక గుర్తుచేసింది. సంస్థ తటస్థతను ఇంకా పటిష్ఠం చేసుకోవడానికి సూచనలూ చేసింది. 2025 అక్టోబర్ 22న అంతర్జాతీయ న్యాయస్థానం కూడా తన సలహా అభిప్రాయంలో ఆ ఆరోపణ రుజువు కాలేదని చెప్పింది. ఉన్రా సహా ఐరాస సంస్థల సాయాన్ని గాజాలోకి రానివ్వాల్సిన బాధ్యత ఇజ్రాయెల్‌దేనని స్పష్టం చేసింది.

చాలా దేశాలు కొద్ది నెలల్లో డబ్బు తిరిగి ఇచ్చాయి. అమెరికా ఇవ్వలేదు. స్వీడన్ తిరిగి ఇచ్చి, 2024 డిసెంబర్‌లో మళ్లీ ఆపి, ఆ సొమ్మును వేరే సంస్థలకు మళ్లించింది. కొద్దిమంది చేశారంటున్న నేరానికి ఒక సమూహం మొత్తాన్ని జవాబుదారీ చేయడం ఎలా ఉంటుందో ఈ పేజీ చదివేవారికి విడమరచి చెప్పనక్కర్లేదు.

ప్రత్యామ్నాయం పేరుతో

ఉన్రా కాకపోతే ఇంకొకరు చేస్తారు కదా అన్న వాదనకు గాజాలోనే జవాబు దొరికింది. 2024 అక్టోబర్ 28న ఇజ్రాయెల్ పార్లమెంటు ఉన్రాను అడ్డుకునే రెండు చట్టాలు చేసింది. అవి 2025 జనవరి చివర్లో అమల్లోకి వచ్చాయి. మార్చి 2 నుంచి పదకొండు వారాల పాటు గాజాలోకి ఏ సరుకూ వెళ్లనివ్వలేదు. మే చివర్లో అమెరికా, ఇజ్రాయెల్ అండతో 'గాజా హ్యుమానిటేరియన్ ఫౌండేషన్' రంగంలోకి దిగింది. అంతకుముందు ఐరాస ఆధ్వర్యంలో సుమారు 400 చోట్ల పంపిణీ జరిగేది. దాని స్థానంలో సైనిక ప్రాంతాల్లో నాలుగు కేంద్రాలు పెట్టారు. ఉన్రాకు ఒక్క డాలరూ ఇవ్వని అమెరికా, జూన్‌లో ఈ ఫౌండేషన్‌కు 3 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. తిండి కోసం ఆ కేంద్రాలకు వెళ్లి వందల మంది చనిపోయారని ఐరాస మానవ హక్కుల కార్యాలయం నమోదు చేసింది. ఆగస్టు 22న గాజా నగర ప్రాంతంలో కరువు ఉందని అంతర్జాతీయ ఆహార భద్రతా నిపుణులు ధ్రువీకరించారు. నవంబర్‌లో ఆ ఫౌండేషన్ పని ముగించుకుంది.

అంటే సాయానికి రెండు తాళాలున్నాయి. ఒకటి డబ్బు, రెండోది సరిహద్దు గేటు. రెండూ శరణార్థుల చేతిలో లేవు. ఈ మధ్యలో 300 మందికి పైగా ఉన్రా ఉద్యోగులు గాజాలో ప్రాణాలు కోల్పోయారు.

ఢిల్లీ నుంచి ఎంత?

భారత ప్రభుత్వం 2018లో ఉన్రాకు ఇచ్చే ఏటా సాయాన్ని 12.5 లక్షల డాలర్ల నుంచి 50 లక్షల డాలర్లకు పెంచింది. అమెరికా ఆపిన ఏడాదే మన దేశం పెంచింది. 2024లోనూ రెండు విడతలుగా 25 లక్షల చొప్పున ఇచ్చింది. ఇది మెచ్చుకోవాల్సిన విషయమే. కానీ 50 లక్షల డాలర్లంటే ఉన్రా రోజువారీ బడ్జెట్‌లో ఒక్క శాతం కూడా కాదు.

మిగతా లెక్కలు కూడా పక్కన పెట్టి చూడాలి. 2025 జూన్ 12న గాజాలో కాల్పుల విరమణ కోరుతూ సర్వసభ్య సభలో వచ్చిన తీర్మానానికి 149 దేశాలు ఓటేస్తే భారత్ దూరంగా ఉండిపోయింది. హైదరాబాద్‌లో అదానీ, ఇజ్రాయెల్‌కు చెందిన ఎల్బిట్ కంపెనీలు కలిసి హెర్మెస్ 900 డ్రోన్ల కోసం పెట్టిన ఫ్యాక్టరీ 2018 డిసెంబర్‌లో మొదలైంది. పాలస్తీనా కూలీల పర్మిట్లు రద్దు చేశాక ఇజ్రాయెల్‌లో ఖాళీ అయిన నిర్మాణ పనులకు 2024 మేలో హైదరాబాద్‌లోనే ఎంపికలు జరిగాయి. ఇక్కడ పని దొరకని మన మేస్త్రీలు, కూలీలు ఆ వరుసలో నిలబడ్డారు. వాళ్లను తప్పుపట్టలేం. ఒక పేదవాడి పని లాక్కుని మరో పేదవాడికి ఇచ్చే ఏర్పాటును మాత్రం ప్రశ్నించాలి.

హక్కుగా మారాలంటే

తెలుగు నేల మీద ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ ఉద్యమం ఒక పాఠం నేర్పింది. జనాభా నిష్పత్తిలో నిధులు కేటాయించాలన్న మాట దశాబ్దాలుగా కాగితాల మీద ఉంది. ఇవ్వడం, మళ్లించడం ప్రభుత్వాల ఇష్టంగా సాగింది. దాన్ని చట్టం చేయించుకోవడానికి పోరాడాల్సి వచ్చింది. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది. చట్టం వచ్చాక కూడా నిధుల మళ్లింపు ఆగలేదు. కానీ ఇప్పుడు మనం అడిగేటప్పుడు చేతిలో ఒక చట్టం ఉంది. పాలస్తీనా శరణార్థులకు అదీ లేదు.

కాబట్టి మేం కోరేది మూడు విషయాలు. ఉన్రా బడులు, దవాఖానాల ఖర్చును ఐరాస సభ్యదేశాలు తప్పనిసరిగా కట్టే వాటాల్లోకి తేవాలని భారత్ సర్వసభ్య సభలో అడగాలి. అది జరిగేదాకా తన సాయాన్ని ఏడాదికోసారి కాక ఐదేళ్లకు ముందే ప్రకటించాలి, జీతాలకు వాడుకునేలా షరతులు లేకుండా ఇవ్వాలి. ఉద్యోగుల మీద ఆరోపణలొస్తే విచారణ జరిపి వారి మీద చర్య తీసుకోవాలి తప్ప పిల్లల బడి ఆపకూడదన్న నియమాన్ని దాత దేశాలన్నీ ఒప్పుకోవాలి.

ఇవన్నీ జరిగినా 194వ తీర్మానం మిగిలే ఉంటుంది. ఉన్రా అవసరమే లేని రోజు రావాలంటే డబ్బు ఒక్కటే చాలదు. 1948లో ఇళ్లు వదిలినవారి వారసులు తిరిగి వెళ్లే హక్కు మీద, వాళ్ల దేశం మీద తేల్చాలి. అప్పటిదాకా క్యాంపులో పుట్టిన బిడ్డ రేపు బడికి వెళ్తుందా లేదా అన్నది ఇంకెక్కడో జరిగే ఎన్నికల ఫలితం నిర్ణయించకూడదు.