తొలి స్థలం కొనే ముందు

ఉద్యోగంలో కుదురుకోగానే హైదరాబాద్ శివార్లలో ఒక ప్లాటో, ఫ్లాటో కొనాలన్న కోరిక తెలుగు యువతలో బలంగా ఉంది. ఆ మమకారం తప్పుపట్టదగినది కాదు గానీ, దాన్ని ఆసరా చేసుకొని సాగే ‘ప్రీలాంచ్’ అమ్మకాలు, అంటే అనుమతులు రాకముందే తక్కువ ధర చూపి సొమ్ము వసూలు చేసే పద్ధతి, ఎందరి తొలి పొదుపునో చిక్కుల్లో పడవేస్తున్నాయి. రెరాగా వ్యవహరించే 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, చిన్న ప్రాజెక్టులను మినహాయించి, నమోదు కానిదే ఏ ప్రాజెక్టునూ ప్రకటించరాదని, అమ్మరాదని శాసించింది. అమ్మకపు ఒప్పందాన్ని రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోవడాన్ని కూడా 13వ సెక్షను నిషేధించింది. ఇంతటి రక్షణ చేతిలో ఉండగా యువకులు దాన్ని వాడుకోకపోవడం బాధాకరం.

రెరా నమోదుతో పాటు ఆస్తి పత్రాలనూ సరిచూసుకోవాలి. ఆస్తిపై రిజిస్టరైన అమ్మకాలనూ తాకట్లనూ చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తప్పనిసరే అయినా, రిజిస్టరు కాని ఒప్పందాలు, అనేక వారసత్వ తగాదాలు అందులో కనబడవు. కనుక యాజమాన్యం చేతులు మారిన క్రమాన్ని తెలిపే లింకు డాక్యుమెంట్లను అమ్మకందారుతో సంబంధం లేని న్యాయవాదికి చూపించాలి. రెరా నమోదు అవసరమైన ప్రాజెక్టుకు ఆ నంబరు చూపలేని చోట, ధర ఎంత ఊరించినా, పాఠకులు బయానా ఇవ్వవద్దని ఈ పత్రిక కోరుతోంది.