వేసవిని ఎత్తుకుపోయిన మనిషి

మే నెలలో ఎవడైనా వచ్చి బెజవాడనుంచి వేసవిని ఎత్తుకుపోతే మనం వాణ్ణి పోలీసులకు పట్టివ్వం సరికదా, పూలదండ వేసి ఊరేగిస్తాం. కెనడాలో మానిటోబా ఉత్తరభాగాన వుండే క్రీ జాతివారికి మాత్రం యిది పరిహాసపు మాట కాదు. నెలల తరబడి మంచు కప్పివుండే ఆ నేలమీద వేసవి రాకపోవడమంటే కూడు దొరకకపోవడమే.

ఆ భయాన్నే తీసుకొని డేవిడ్ ఏ. రాబర్ట్‌సన్ 2020లో పిల్లలకోసం "ది బారెన్ గ్రౌండ్స్" అనే నవల రాశారు. ఆయన కూడా క్రీ జాతివారే. మోర్గన్, ఈలై అనే యిద్దరు ఆదివాసి పిల్లలు కన్నవారికి దూరమై, విన్నిపెగ్ నగరంలో పరాయి యింట పెరుగుతుంటారు. ఈలై గీసిన బొమ్మను అటకమీది గోడకు తగిలిస్తే ఆ బొమ్మే వాకిలి అవుతుంది. అవతల ఆస్కీ అనే లోకం. క్రీ భాషలో ఆ మాటకు భూమి అని అర్థం. అక్కడి జంతువులు మనుషుల్లా మాట్లాడతాయి. కాని యెటు చూసినా మంచే. మిసేవా అనే పల్లె ఆకలితో అలమటిస్తూ వుంటుంది. బయటినుంచి వచ్చిన ఒక మనిషికి ఆ పల్లెవారు ఆదరించి బతకడం నేర్పారు. వాడు అక్కరకు మించి తీసుకోవడం మొదలుపెట్టి, చివరకు వేసవిని తెచ్చే పక్షులనే పట్టుకుపోయాడు.

1950లో సి.ఎస్. లూయిస్ రాసిన నార్నియా కథలా వున్నదే అని మీరనవచ్చు. నిజమే, అక్కడ బీరువా, యిక్కడ అటక. అయితే నార్నియా వెళ్లిన పిల్లలు రాజులూ రాణులూ అవుతారు. మిసేవా వెళ్లినవారు శిష్యులవుతారు. ఓచెక్ అనే వేటగాడి వెంట మంచులో నడవడం, ఉచ్చులు చూసుకోవడం, చాలినంతే తీసుకోవడం నేర్చుకుంటారు. సింహాసనం ఎక్కడం కన్న యిది కష్టమైన పని.

యీ దొంగతనం వట్టి కల్పన కాదు. 1880లనుంచి 1990ల దాకా కెనడా ప్రభుత్వమూ చర్చీలూ నడిపిన వసతి బడులకు 1,50,000 మందికి పైగా ఆదివాసి పిల్లలను తరలించారు. సొంత భాష మాట్లాడితే దండించారు. సత్యశోధన సంఘం 2015లో యిదంతా నివేదికకెక్కించింది. 2016 జనాభా లెక్కల ప్రకారం ఆ దేశంలో పద్నాలుగేళ్లు, ఆ లోపు పిల్లలలో ఆదివాసులు నూటికి 7.7 మందే. పరాయి యిళ్ల పెంపకంలో వున్న ఆ వయసు పిల్లలలో మాత్రం నూటికి 52.2 మంది వాళ్లే.

"యింత చాలు, తక్కినది అడవికి వదలు" అనే మాట ఏ అవ్వ నోటినుంచో పిల్లల చెవిని పడాలి. అవ్వను, ఆమె భాషను దూరం చేస్తే ఆ లెక్క వాళ్లకు ఎవరు చెబుతారు? అందుకే పోయిన వేసవిని వెతకడానికి రచయిత మహావీరులను పంపలేదు. యిల్లు పోగొట్టుకున్న పిల్లలనే పంపారు. పోయినదాని విలువ వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

ఓచెక్ కూడా రచయిత కొత్తగా పుట్టించినవాడు కాదు. మనం సప్తర్షులని చూపించే చుక్కలలోనే క్రీ పెద్దలు ఓచెక్‌ను చూపిస్తారు. రూపంలో కాస్త మన ముంగిసను పోలిన జంతువు అది. వేసవిని తేబోయి, తోకకు బాణం తగిలి, ఆకాశం చేరిందని వాళ్ల కథ. మీ పిల్లలకు ఆ చుక్కలు చూపించేటప్పుడు వసిష్ఠుణ్ణీ అరుంధతినీ చెప్పిన తరువాత, ఓచెక్ కథ కూడా చెప్పండి. వేసవికోసం అంత పాటుపడ్డవాడు వున్నాడంటే మన పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి. తరువాత వాళ్లే ఎందుకని అడుగుతారు.