తగ్గిన వడ్డీ పాత రుణాలకూ అందాలి: కీసర గృహరుణ కుటుంబాల వినతిపత్రం

కీసర,
జనవరి 2026

గౌరవనీయులైన ప్రాంతీయ సంచాలకులు గారికి,
భారతీయ రిజర్వ్ బ్యాంక్, హైదరాబాద్.

విషయం: రెపో రేటు తగ్గింపును పాత గృహరుణాలకు వర్తింపజేయడం, ఇల్లు కొనేవారికీ లోను మార్చుకునేవారికీ లెక్కలు రాతపూర్వకంగా ఇప్పించడం గురించి.

ఆర్యా,

మేము ఉప్పల్, నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామికవాడల్లో పనిచేస్తూ కీసర, నాగారం, రాంపల్లి, చీర్యాల వైపు ఇల్లు కొనుక్కున్నవాళ్లం, కొనాలని చూస్తున్నవాళ్లం. నగరంలో ధరలు అందక ఔటర్ రింగు రోడ్డు దాకా వచ్చాం. జీతం పడగానే ముందు పోయేది ఇంటి కిస్తీ.

2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో రేటు 4 శాతం నుంచి 6.5 శాతానికి పెరిగింది. కొందరికి కిస్తీ పెరిగింది, కొందరికి గడువు ఏళ్ల తరబడి సాగింది. 2025లో ఫిబ్రవరి, ఏప్రిల్, జూన్, డిసెంబరు నెలల్లో తగ్గించుకుంటూ వచ్చి రేటును 5.25 శాతానికి తెచ్చారు. పెంపు మా అందరి మీదా పడింది. తగ్గింపు మాత్రం కొందరికే చేరింది.

కారణం మాకు తెలుసు. 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు ఇచ్చిన ఫ్లోటింగ్ గృహరుణాలు రెపో వంటి బయటి ప్రామాణికంతో ముడిపడి, మూడు నెలలకోసారైనా మారతాయి. అంతకుముందు బ్యాంకులు తామే లెక్కగట్టే ఎంసీఎల్ఆర్, బేస్ రేటు మీద తీసుకున్నవి నెమ్మదిగా కదులుతాయి. గృహరుణ సంస్థలకు ఆ నిబంధనే లేదు, రేటు వాటి చేతుల్లోనే ఉంటుంది. బ్యాంకుకు వెళ్లి అడిగినవారికి తగ్గుతోంది, అడగాలని తెలియనివారు పాత వడ్డీయే కడుతున్నారు.

ఈ తేడా చిన్నది కాదు. 30 లక్షల రుణం, 20 ఏళ్ల గడువు అనుకుందాం. 9 శాతానికి కిస్తీ సుమారు 26,990 రూపాయలు, 7.75 శాతానికి 24,630. కిస్తీ తగ్గించుకుంటే మొత్తం మీద దాదాపు 5.67 లక్షలు మిగులుతాయి. పాత కిస్తీయే కడుతూ గడువు తగ్గించుకుంటే మూడున్నరేళ్ల ముందే అప్పు తీరి, 11 లక్షలకు పైగా మిగులుతుంది. ఏది కావాలో కుటుంబం తేల్చుకోవాలి. అందుకు ముందు ఎవరైనా అడగాలి కదా!

వేరే బ్యాంకుకు మారదామన్నా లెక్క తేలదు. వ్యక్తుల ఫ్లోటింగ్ గృహరుణాన్ని ముందే తీర్చినందుకు జరిమానా వేయకూడదని మీరే ఆదేశించారు. అయినా ప్రాసెసింగ్ ఫీజు, లీగల్, వాల్యుయేషన్ ఖర్చులు, కొత్తగా తనఖా పత్రం (ఎంఓడీ) రిజిస్ట్రేషన్ ఉంటాయి. గడువు చాలా మిగిలి ఉంటే మారడం లాభం. చివరి ఏళ్లలో కట్టేది ఎక్కువగా అసలే కాబట్టి, మిగిలేది ఆ ఖర్చులకే సరిపోవచ్చు.

కొత్తగా కొనేవారికి వడ్డీ ఒక్కటే లెక్క కాదు. 45 లక్షల ఇంటికి 80 శాతం, అంటే 36 లక్షల లోను వచ్చినా, 9 లక్షలు చేతి డబ్బు పెట్టాలి. రిజిస్ట్రేషన్‌కు 7.5 శాతం చొప్పున మరో 3.37 లక్షలు కావాలి. వడ్డీ తగ్గిందన్న ప్రకటన చూసి అడ్వాన్సు ఇచ్చాక ఈ మొత్తం తెలిస్తే, చేబదులుకో బంగారం తాకట్టుకో పరుగెత్తాల్సి వస్తుంది.

కాబట్టి మా డిమాండ్లు:

1. ఎంసీఎల్ఆర్, బేస్ రేటు మీదున్న ప్రతి రుణగ్రహీతకూ రెపో పద్ధతికి మారే అవకాశాన్ని, దానికయ్యే ఖర్చును బ్యాంకులే తెలుగులో రాసి పంపాలి.

2. వడ్డీ తగ్గినప్పుడు కిస్తీ తగ్గించాలా, గడువు తగ్గించాలా అని ముందుగా అడగాలి. పెంపు సమయంలో ఎంచుకునే హక్కును 2023 ఆగస్టులో ఇచ్చారు. తగ్గింపుకూ అదే వర్తించాలి.

3. పాత ఖాతాదారులకు మూడేళ్లు ఆగకుండా స్ప్రెడ్ (రెపో మీద బ్యాంకు కలిపే అదనపు శాతం) తగ్గించే వెసులుబాటు 2025 అక్టోబరు నుంచి బ్యాంకులకు ఉంది. దాన్ని బ్యాంకుల ఇష్టానికి వదలక, సక్రమంగా కిస్తీ కట్టేవారికి హక్కుగా మార్చాలి.

4. గృహరుణ సంస్థలనూ బయటి ప్రామాణికం కిందకు తేవాలి.

5. లోను మార్చుకోవాలని అడిగిన వారం లోపు మిగిలిన అసలు, గడువు, ఖర్చులన్నీ ఒకే కాగితం మీద ఇవ్వాలి. అప్పు తీరిన 30 రోజుల్లో దస్తావేజులు ఇవ్వకపోతే రోజుకు 5,000 రూపాయల పరిహారం చెల్లించాలన్న నిబంధనను కచ్చితంగా అమలు చేయించాలి.

6. ఏడాదికి 9 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకు, 35 లక్షల లోపు ఇంటికి పీఎంఏవై పట్టణ 2.0 కింద 1.80 లక్షల వరకు వడ్డీ రాయితీ ఉంది. లోను దరఖాస్తు ఇచ్చిన రోజే అర్హతను బ్రాంచి చెప్పాలి.

7. ఈ లెక్కలు వేసి చూపించే శిబిరాన్ని కీసరలో ఆదివారం పూట నిర్వహించాలి. షిఫ్టుల్లో పనిచేసేవారు మిగతా రోజుల్లో బ్యాంకుకు రాలేరు.

మేము అప్పు మాఫీ అడగడం లేదు. తీసుకున్న ప్రతి రూపాయీ కడతాం. మీరు తగ్గించిన వడ్డీ మా పాసుపుస్తకం దాకా రావాలని మాత్రమే అడుగుతున్నాం. మొదటి, రెండవ, ఐదవ డిమాండ్లకు కొత్త చట్టం అక్కర్లేదు, బ్యాంకులకు మీ ఆదేశం చాలు. వాటిపై నెల రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని, మిగతావాటిని కేంద్ర కార్యాలయానికి మీ సిఫారసుతో పంపాలని కోరుతున్నాం.

ఇట్లు,
కీసర, నాగారం, రాంపల్లి, చీర్యాల ప్రాంతాల గృహరుణ కుటుంబాలు

ప్రతి: జిల్లా కలెక్టర్ గారు, మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా.